రోకో కొట్టిన కాయలో కార్బెండజిమ్ ఎక్కడిది?

జగిత్యాల రైతన్నకు నమస్తే. మీ ప్రశ్న పొడవుగా ఉంది. చదివే మిగతావాళ్ల కోసం ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్తాను.

మీది ఆరెకరాల మామిడి తోట. ఎక్కువ బంగినపల్లి, కొన్ని దశేరి చెట్లు. పూత మీద బూడిద తెగులుకు డిసెంబర్‌లో నీటిలో కరిగే గంధకం, జనవరిలో హెక్సాకోనజోల్ కొట్టారు. మార్చి చివర్లో చెడగొట్టు వానలు పడి కాయ మీద నల్ల మచ్చ మొదలైతే 27న ఒకసారి, ఏప్రిల్ 6న ఇంకోసారి రోకో అనే తెగులు మందు కొట్టారు. 26న వ్యాపారి కాయ తీసుకుపోయి హైదరాబాద్‌లో టెస్ట్ చేయించాడు. కార్బెండజిమ్ అనే తెగులు మందు కిలోకు 0.08 మిల్లీగ్రాములు వచ్చింది, మా పరిమితి 0.05 అని చెప్పి ధర కోశాడు. "కార్బెండజిమ్ ప్యాకెట్ నేను కొననే లేదు, ల్యాబ్ తప్పు చేసిందా? మందు ఎన్ని రోజులకు పోతుంది? చెట్ల మధ్య పసుపు వేస్తాను, నేలలో ఉన్నది దుంపకు ఎక్కుతుందా? పక్క తోటాయన కాపర్ కొట్టు, అది రిపోర్టులో రాదు అంటున్నాడు, నిజమేనా?" ఇవీ మీ ప్రశ్నలు.

నేను మందుల అవశేషాలు చూసే ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఇప్పుడు పరకాల దగ్గర మూడెకరాల మామిడి, జామ చూసుకుంటున్నాను. రిపోర్టు రాసినవాడినీ నేనే, మందు కొట్టేవాడినీ నేనే. కాబట్టి ఎవరి పక్షం తీసుకోకుండా చెప్తాను.

ల్యాబ్ తప్పు చేయలేదు. మీరూ అబద్ధం చెప్పలేదు. రోకో అనేది పేరు మాత్రమే. ప్యాకెట్ లోపల ఉన్నది థయోఫనేట్ మిథైల్, 70 శాతం. అది ఆకులోకి, కాయ తొక్కలోకి, నేలలోకి పోయాక కార్బెండజిమ్‌గా మారుతుంది. నిజానికి తెగులును ఆపేది చాలావరకు ఆ మారిన మందే. మీరు గిన్నెలో పాలు పోసి తోడేసి, తెల్లారి పెరుగు ఎక్కడిదని అడుగుతున్నారు.

లెక్క కూడా చెప్తాను. థయోఫనేట్ మిథైల్ అణువు బరువు సుమారు 342, కార్బెండజిమ్ బరువు 191. అంటే 100 గ్రాముల అసలు మందు పూర్తిగా మారితే 56 గ్రాముల కార్బెండజిమ్ అవుతుంది. లీటరుకు గ్రాము చొప్పున రోకో కలిపితే అందులో అసలు మందు 0.7 గ్రాములు, దాని నుంచి ఎక్కువలో ఎక్కువ 0.39 గ్రాముల కార్బెండజిమ్ పుట్టగలదు. పాత రోజుల్లో వాడిన బెనోమిల్ కూడా ఇదే దారిలో పోయి కార్బెండజిమే అవుతుంది. అందుకే కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ మూడింటినీ కలిపి కార్బెండజిమ్‌గానే లెక్క కడతారు. కొందరు రైతులు మందు మార్చి కొట్టాలని ఒకసారి బావిస్టిన్ (అది నేరుగా కార్బెండజిమే), ఇంకోసారి రోకో కొడతారు. అవి రెండు మందులు కావు, ఒకే మందుకు రెండు ప్యాకెట్లు. తెగులుకూ అలవాటవుతుంది, రిపోర్టులోనూ కూడుకుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎన్ని రోజులకు పోతుంది? ఇది నన్ను అడగని రైతు లేడు. "పదిహేను రోజులైతే పోతుంది కదా సార్" అని వాళ్లే జవాబు కూడా చెప్తారు. మందు ఒక రోజున ఉండి మర్నాడు లేకుండా పోయేది కాదు. సగం సగం తగ్గుతూ పోతుంది. ఇవాళ కాయలో కిలోకు 2 మిల్లీగ్రాములు ఉండి, సగం కావడానికి 5 రోజులు పడుతుందనుకుందాం. ఐదో రోజుకు 1, పదో రోజుకు అర, పదిహేనుకు పావు, ఇరవైకి 0.125. ఇలా 0.01కి రావాలంటే దాదాపు 38 రోజులు కావాలి. మొదటి ఐదు రోజుల్లో ఒక మిల్లీగ్రాము పోయింది. చివర్న 0.02 నుంచి 0.01కి రావడానికి కూడా అదే ఐదు రోజులు. రైతు కంటికి మొదట్లో తగ్గింది కనిపిస్తుంది, కొనేవాడి కంటికి చివర్న మిగిలింది కనిపిస్తుంది. గొడవంతా అక్కడే.

ఈ 0.01 ఎంత చిన్నదో కూడా తెలుసుకోండి. ఒక టన్ను కాయలో 10 మిల్లీగ్రాములు. జ్వరానికి వేసుకునే 500 పారాసిటమాల్ బిళ్లను యాభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క, టన్ను మామిడికాయకు. ఒక పంటకు ఒక మందు మీద విడిగా పరిమితి పెట్టకపోతే యూరప్‌లోనూ, మన ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లోనూ సాధారణంగా ఈ 0.01 నే పరిమితిగా తీసుకుంటారు. అందుకే ప్యాకెట్ మీద మామిడి పేరు ఉందో లేదో చూడమని పోరుతుంటాం. పేరు లేని పంటకు కొడితే తెగులు పోవచ్చు గానీ, రిపోర్టు దగ్గర ఆ మిల్లీగ్రాముల లెక్క మీ మెడకు చుట్టుకుంటుంది.

మీ కాయ సంగతి చూద్దాం. రెండో రోకోకూ నమూనాకూ మధ్య 20 రోజులు. సగమయ్యే కాలం 5 రోజులు అనుకుంటే నాలుగు సగాలు అయ్యాయి. 0.08 ని నాలుగుసార్లు రెట్టింపు చేస్తే 1.28. అంటే కొట్టిన రోజున సుమారు అంత ఉండి ఉంటుంది. ఇంకో ఐదారు రోజులు కాయ చెట్టు మీద ఉంటే 0.04కి దిగి, ఆ వ్యాపారి పరిమితి లోపలికి వచ్చేది. మరీ కఠినంగా 0.01 అడిగేవాళ్లయితే పదిహేను రోజులు పైనే. అప్పటికి కాయ చెట్టు మీదే పండి రాలేది. అంటే మీ తప్పు డోసులో లేదు, తేదీలో ఉంది. ఏప్రిల్ 6 నాటి ఆ రెండో దఫా కొట్టకుండా ఉంటే ఈ మాటే వచ్చేది కాదు.

ఇక్కడ చాలామందికి నమ్మబుద్ధి కాని మాట ఒకటుంది. డోసు రెండింతలు కొడితే అవశేషం పోవడానికి రెండింతల రోజులు పట్టవు. ఒక్క సగమయ్యే కాలం మాత్రమే అదనంగా పడుతుంది. కాయ మీద సగమయ్యేది 5 రోజుల్లో అయితే 5 రోజులు ఆగితే చాలు. ఇది చెప్పి ఎక్కువ కొట్టమని కాదు నా ఉద్దేశం. ఎందుకంటే అదే మందు నేల మీద పడితే, అక్కడ సగమవడానికి ఆరు నెలలు పడితే, మీ అదనపు డోసుకు అదనంగా ఆరు నెలలు. కాయ మీద లెక్క వేరు, నేలలో లెక్క వేరు.

ఇంకో మెలిక కూడా ఉంది. తోటలో తగ్గుదల ఈ లెక్కలో చెప్పినంత సాఫీగా ఉండదు. మొదటి మూడు నాలుగు రోజులు పైపై మందు ఎండకు, గాలికి, మంచుకు, వానకు గబగబా పోతుంది. తర్వాత తొక్క మీది మైనం పొరలో దూరిన భాగం మిగులుతుంది. దానికి ఎండా తగలదు, వానా తగలదు. మామిడి తొక్క మీద బూడిదలాంటి పొర చేత్తో రుద్దితే పోతుంది చూడండి, అది ఆ మైనమే. హెక్సాకోనజోల్, టెబుకోనజోల్ లాంటి ట్రయజోల్ మందులు నూనె గుణం ఉన్నవి, వాటికి ఆ మైనం అంటే ప్రీతి. కార్బెండజిమ్‌కు అంత ప్రీతి లేదు గానీ అది చెట్టు లోపలికి పోయే మందు, పైగా ఎండకు చెక్కుచెదరనిది. మామూలు నీళ్లలో కూడా తొందరగా విరగదు. దాన్ని విరిచేవి ముఖ్యంగా సూక్ష్మజీవులు. కాయ తొక్క మీద అవి ఎన్ని ఉంటాయి? అందుకే ఏప్రిల్ ఎండలు మండిపోతున్నా అది పూర్తిగా పోలేదు. "42 డిగ్రీల ఎండకు ఏ మందు మిగుల్తది సార్?" అని మొన్న ఒకాయన అడిగాడు. కొన్ని మందులకు ఆ మాట నిజమే, కార్బెండజిమ్‌కు మాత్రం కాదు.

మరి మీ రిపోర్టులో హెక్సాకోనజోల్ ఎదురుగా బీఎల్‌క్యూ అని ఉంది. అంటే కొలవగలిగినంత కూడా లేదని అర్థం. జనవరిలో కొట్టింది కాబట్టి మూడు నెలల్లో విరిగిపోయింది, అది ఒక కారణం. దాని కంటే పెద్ద కారణం కాయ పెరగడం. పిందె బఠానీ గింజంత ఉన్నప్పుడు దాని బరువు గ్రాము అనుకోండి. అదే కాయ కోతకు 300 గ్రాములు. మందులో ఒక్క అణువు కూడా విరగకపోయినా, కిలో లెక్కన చూస్తే 300 వంతుల్లో ఒక వంతు అయిపోతుంది. చారులో నీళ్లు పోసినట్టు. మార్చి చివర్లో కాయ అప్పటికే 100 గ్రాములు ఉంటే, కోతకు మూడింతలే పెరుగుతుంది, పలచబడేది కూడా మూడింతలే. తోటలో నేను పెట్టుకున్న పద్ధతి ఇంతే. లోపలికి పోయే మందు ఏదైనా పిందె గోలీ సైజు దాటకముందే. తర్వాత కొట్టాల్సి వస్తే పైపైన ఉండి విరిగిపోయేది, అదీ ప్యాకెట్ మీద రాసిన కోత వ్యవధి, అంటే మందు కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు, చూసుకుని.

వాన గురించి కూడా చెప్పాలి. "వాన పడ్డది, మందంతా కడుక్కుపోయింది" అని ఊరట పడతారు కొందరు. మాంకోజెబ్, కాపర్ లాంటివి ఆకు పైనే కూర్చునేవి కాబట్టి గట్టి వానకు పోతాయి. లోపలికి పోయినవి కొన్ని గంటలు ఆరితే చాలు, తర్వాత వాన వాటిని పెద్దగా ఏమీ చేయలేదు. ఇక కడుక్కుపోయింది ఎక్కడికి పోయింది? చెట్టు కిందికే. వాన మందును పోగొట్టదు, చోటు మారుస్తుంది.

మాంకోజెబ్ గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, మీరు అడగకపోయినా. దాన్ని రైతులు చాలా సాధువు మందు అనుకుంటారు, ఎందుకంటే నీళ్లు తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే విరగడం మొదలవుతుంది. కానీ విరిగినప్పుడు పుట్టే ముక్కల్లో ఇథిలీన్ థయోయూరియా అనేది ఒకటుంది, ఈటీయూ అంటాం. థైరాయిడ్ గ్రంథి పనిని అది దెబ్బతీస్తుంది. యూరప్ 2020 డిసెంబర్‌లో మాంకోజెబ్ అనుమతిని పొడిగించకపోవడానికి ఉన్న కారణాల్లో ఈ హార్మోన్ల సంగతి కూడా ఒకటి. మందు అంటుకున్న కాయను కడగకుండా ఉడకబెడితే వేడికి ఈటీయూ ఎక్కువగా పుడుతుంది. కాబట్టి మామిడికాయ పప్పుకైనా, గుజ్జుకైనా ముందు బాగా కడగడం, తొక్క తీయడం, తర్వాతే పొయ్యి. ఇంకోటి, తెరిచిన మాంకోజెబ్ ప్యాకెట్‌ను రేకుల షెడ్డులో మే నెలంతా ఉంచితే వేడికి, తేమకు ప్యాకెట్ లోపలే అది విరిగి ఈటీయూ పెరుగుతుంది. పోయిన ఏడాది మిగిలిన సగం ప్యాకెట్ అంటే తెగులుకు సగం పనిచేసే మందు, మనిషికి రెట్టింపు బాధ.

మాంకోజెబ్ టెస్టులో ఒక తమాషా ఉంది. ల్యాబ్‌లో దాన్ని నేరుగా చూడరు. ఆమ్లంలో మరిగించి, వచ్చే కార్బన్ డైసల్ఫైడ్ వాయువును కొలుస్తారు. మాంకోజెబ్ అయినా, థైరమ్ అయినా, ప్రొపినెబ్ అయినా అదే వాయువు. క్యాబేజీ, ఉల్లి లాంటివాటిలో సహజంగా ఉండే గంధకం పదార్థాలు కూడా కొంత వాయువునిస్తాయి. రబ్బరు తయారీలో ఇదే కుటుంబం రసాయనాలు వాడతారు. అందుకే నమూనా సంచి మూతికి రబ్బరు బ్యాండు వేయొద్దని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాళ్లం. చెప్పినా మూడోవంతు మంది బ్యాండు వేసే తెచ్చేవారు.

నమూనా మాట వచ్చింది కాబట్టి, మీ వ్యాపారి ఎలా తీశాడో అడగండి. నాలుగు కాయలు ఒకే కొమ్మ నుంచి, అదీ గుబురులో చేతికి అందినవి తీస్తే ఆ అంకె మీ ఆరెకరాలది కాదు. గుబురు లోపలి కాయకు ఎండ తక్కువ, మందు తడి ఎక్కువ. మామిడి సైజు కాయకైతే కనీసం పది కాయలు, వేర్వేరు చెట్ల నుంచి, పైనుంచీ కిందనుంచీ, నాలుగు వైపులా తీయాలి. "మనం తొక్క తీసే తింటాం కదా, తొక్క ఎందుకు టెస్ట్ చేస్తారు?" అని మీరు కింద రాశారు. న్యాయమైన మాటే. కానీ ప్రమాణం ప్రకారం టెంక తీసేసి, తొక్కతో సహా రుబ్బి, మొత్తం కాయ బరువు మీద లెక్క కడతారు. తినే గుజ్జులో సాధారణంగా చాలా తక్కువే ఉంటుంది, తొక్కలోనే ఎక్కువ. ఇంట్లో పిల్లలకు పెట్టడానికి మీ కాయ గురించి టెన్షన్ అక్కర్లేదు. అమ్మడానికి మాత్రం అంకె అంకే.

నేల సంగతికి వస్తాను. మీరు ఎక్కువగా భయపడాల్సింది దీని గురించే అని నా అభిప్రాయం, ఎందుకంటే దీన్ని ఎవరూ టెస్ట్ చేయించరు.

నేలలో మందును తినేవి సూక్ష్మజీవులు. వాటికి తడి కావాలి, వెచ్చదనం కావాలి, తిండి కావాలి. ఈ మూడూ ఉంటే పని జరుగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే విరిగే వేగం రెండింతలు దాటుతుందని ఒక లెక్క ఉంది, కానీ అది తడి ఉన్న నేలకు. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా నేల పెనంలా కాలుతుంది, అందులో చుక్క తడి ఉండదు. సూక్ష్మజీవులు నిద్రపోతాయి. మీరు మార్చి, ఏప్రిల్‌లో కొట్టిన మందులో నేల మీద పడింది అలాగే ఉండి, తొలకరి పడ్డాక గానీ అసలు కరగడం మొదలుపెట్టదు. క్యాలెండర్ ప్రకారం మూడు నెలలు గడిచాయి, నేల లెక్కలో మూడు వారాలు కూడా గడవలేదు. డ్రిప్పు కింద తడి ఉండే చోట వేరే కథ, అక్కడ ఎండాకాలంలోనే పని నడుస్తుంది.

కార్బెండజిమ్ నేలలో సగం కావడానికి మూడు నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చు. ఇంత తేడా ఎందుకంటే నేలను బట్టి. నల్లరేగడిలో బంకమట్టి ఎక్కువ, మందును పట్టుకుంటుంది. పట్టుకున్నది కిందికి దిగదు, బావి నీళ్లలోకి తొందరగా పోదు, అది మంచిదే. కానీ సూక్ష్మజీవికీ అందదు కాబట్టి ఎక్కువ కాలం ఉంటుంది. చల్కా నేలలో పట్టు తక్కువ, సేంద్రియ పదార్థం కూడా తక్కువే. పశువుల ఎరువు వేసిన నేలలో జీవం ఎక్కువ కాబట్టి మామూలుగా తొందరగా తేలుతుంది. ఏటేటా అదే మందు పడే తోటల్లో దాన్ని తినడం నేర్చుకున్న సూక్ష్మజీవులు పెరిగి, మందు మామూలు కంటే వేగంగా మాయమైపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ట్రయజోల్ మందులు నేలలో ఇంకా మొండివి. విరిగినా వాటి నడుమ ఉండే ట్రయజోల్ అనే ఉంగరం ఆకారపు ముక్క చాలాకాలం మిగులుతుంది, తర్వాతి పంట వేళ్లు దాన్ని పీల్చుకోగలవు కూడా. ఏటా కాపు రావాలని చెట్టు మొదట్లో పోసే కల్టార్ ఉంది చూశారా, పాక్లోబుట్రజోల్, అది కూడా ఈ ట్రయజోల్ కుటుంబమే. తెగులు మందు పేరుతో అమ్మరు గానీ రక్తసంబంధం ఉంది. అది నేలలో ఏడాది దాటి ఉండటం కొత్తేమీ కాదు. ఏటా అదే చెట్టుకు అదే డోసు పోసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నా సొంత తప్పు ఒకటి చెప్తాను. తోట కొన్న రెండో ఏడాది, జామకు ఎండు తెగులు వస్తుందేమోనని, తెగుళ్లను అణిచే మేలు సూక్ష్మజీవి ట్రైకోడెర్మాతో ఎరువు తయారు చేద్దామనుకున్నాను. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి. చింతచెట్టు నీడన కుప్ప పోసి, గోనెసంచులు కప్పి, రోజూ నీళ్లు చల్లాను. వారానికి కుప్ప పైన ఆకుపచ్చ బూజు పట్టాలి. పది రోజులైనా రాలేదు, పదిహేను రోజులైనా రాలేదు. పొడి పాతదేమోనని అమ్మిన షాపాయన మీద గయ్యిమన్నాను. మళ్లీ కొత్త పొడి తెచ్చి కలిపాను. మళ్లీ అంతే. అప్పుడు మా పాలేరు నింపాదిగా అన్నాడు, "సార్, రోజూ నీళ్లు చల్లేది నీలం డ్రమ్ముతోనే కదా, అది మందు కలిపే డ్రమ్ము." కార్బెండజిమ్ కలిపిన డ్రమ్మును రెండుసార్లు తొలిచి, శుభ్రమైందని అందులోంచే చల్లుతున్నాను. ఇరవై ఏళ్లు మిల్లీగ్రాములు కొలిచినవాణ్ని! ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, దానికి ఆ మందు విషమే. వేరే బిందెతో కొత్త కుప్ప వేస్తే ఎనిమిదో రోజుకు ఆకుపచ్చగా పట్టింది. షాపాయనకు క్షమాపణ చెప్పడానికి మాత్రం నాకు ఇంకో నెల పట్టింది.

మీరు పసుపు దగ్గర ట్రైకోడెర్మా వాడతారు కాబట్టే ఇదంతా చెప్పాను. కార్బెండజిమ్ పడిన చోట, పడిన కొద్ది రోజులకే అది వేస్తే డబ్బు నేలపాలే. వానలు బాగా పడి, ఎరువు వేసి, నేల తేరుకున్నాక వేయండి.

ఇక కాపర్. పక్క తోటాయన మాటలో సగం నిజం ఉంది. వ్యాపారులు చేయించే మామూలు టెస్టులో వందల మందులు ఒకేసారి చూస్తారు, అందులో రాగి రాదు. దానికి వేరే పరీక్ష. మిగతా సగం ఏమిటంటే, రాగి మూలకం. దానికి సగమయ్యే కాలం అనేదే లేదు. సూక్ష్మజీవి తినలేదు, ఎండ విరగ్గొట్టలేదు. మీరు ఇవాళ వేసిన రాగి మీ మనవడు దున్నే రోజుకూ ఆ నేలలోనే ఉంటుంది.

లెక్క చూడండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, పెద్ద చెట్టుకు పది లీటర్ల మందు నీళ్లు. చెట్టుకు 30 గ్రాముల పొడి, అందులో సగం రాగి, 15 గ్రాములు. పది మీటర్ల దూరంలో నాటిన తోటలో ఎకరానికి 40 చెట్లు, అంటే ఒక్కసారి కొడితే ఎకరానికి 600 గ్రాముల రాగి. ఏడాదికి రెండుసార్లంటే 1.2 కిలోలు, హెక్టారుకు 3 కిలోలు. యూరప్‌లో రాగికి పెట్టిన పరిమితి ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు, అంటే ఏడాదికి సగటున 4. మూడోసారి కొడితే మీరు దాన్ని దాటేస్తారు. 1880ల నుంచి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టిన ఫ్రాన్స్ ద్రాక్షతోటల నేలల్లో రాగి పేరుకుపోయి వానపాములు, సూక్ష్మజీవులు దెబ్బతిన్న అనుభవం నుంచి వచ్చిన పరిమితి అది. మీది నల్లరేగడి అయితే రాగిని గట్టిగా పట్టుకుని దాని విషాన్ని కొంత అణుస్తుంది. ఎర్ర చల్కాలో, అందులోనూ పుల్లని నేలలో, దెబ్బ త్వరగా తెలుస్తుంది. కొమ్మలు నరికిన చోట బోర్డో పేస్టు పూయడం, వానాకాలంలో ఒక దఫా కొట్టడం, వీటికి నేనూ వ్యతిరేకం కాదు. రిపోర్టులో కనపడదు కాబట్టి కొడదాం అనే ఆలోచనకు మాత్రం వ్యతిరేకం.

గంధకానికి ఈ బాధ లేదు. నేలలో సూక్ష్మజీవులు దాన్ని సల్ఫేట్‌గా మార్చి మొక్కకు తిండి చేస్తాయి. బూడిద తెగులుకు చలికాలంలో, పూత మొదట్లో అదే నా మొదటి మందు. ఎండ ముదిరాక కొడితే పూతను, లేత కాయను మాడుస్తుంది, జాగ్రత్త. పాత పుస్తకాలు చూసి ఎవరైనా డైనోకాప్ (కారథేన్) కొట్టమంటే వినకండి. 2023లో కేంద్రం దాన్ని నిషేధించింది.

వచ్చే ఏడాది మార్చిలో మళ్లీ చెడగొట్టు వాన పడితే ఏం చేయాలి? మచ్చ తెగులు ఎండుపుల్లల్లో బతుకుతుంది, కాబట్టి జూన్ కోత తర్వాత ఎండు కొమ్మలు, ముసురుకున్న కొమ్మలు తీసేయండి. గుబురు తెరిస్తే తెగులూ తగ్గుతుంది, కాయ మీది మందు కూడా తొందరగా పోతుంది. మంచి కాయ ఉన్న చెట్లకు కాగితపు సంచులు తొడగండి, కూలి దొరికితేనే. సంచి లోపల ఎండా వానా తగలవు కాబట్టి తొడిగే ముందు కొట్టిన మందు నెమ్మదిగా పోతుంది, ఆ దఫా చిన్న కాయ మీదే అయిపోవాలి. కోత తర్వాత మచ్చ రాకుండా 52 డిగ్రీల వేడి నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచే పద్ధతి ఉంది. దానికి థర్మామీటర్ తప్పనిసరి, చేతి అంచనాతో చేస్తే కాయ ఉడుకుతుంది.

కొన్నవాళ్లు, తినేవాళ్లు ఎలా కడగాలని కూడా కొందరు అడుగుతుంటారు. పారే నీళ్లలో చేత్తో రుద్ది కడిగితే పైపైది పోతుంది. తినే సోడా నీళ్లలో పన్నెండు పదిహేను నిమిషాలు ఉంచితే యాపిల్ మీది థయాబెండజోల్ పైపొర దాదాపు పోయిందని 2017లో అమెరికాలో చూశారు. కానీ ఐదో వంతు అప్పటికే తొక్కలోకి దిగిపోయింది, దాన్ని సోడా ఏమీ చేయలేకపోయింది. మామిడికి అంత శ్రమ ఎందుకు, కడిగి తొక్క తీస్తే సరి. బంగినపల్లిని తొక్కతో చీకేవాళ్లు, నాతో సహా, కాస్త గట్టిగా రుద్ది కడగాలి.

చివరగా పసుపు. చెట్ల మధ్య నేలలో మిగిలిన కార్బెండజిమ్ దుంపకు ఎంత ఎక్కుతుందన్న దానికంటే, విత్తనపు కొమ్మును మాంకోజెబ్‌లో ముంచడం, ఆగస్టు సెప్టెంబర్‌లో తాటాకు మచ్చ అనే ఆకు తెగులుకు పసుపు మీదే కొట్టే మందులు, ఇవే రిపోర్టులో పెద్ద వాటా తీసుకుంటాయి. అందులోనూ పసుపును ఉడకబెట్టి ఎండబెడతారు. ఐదు కిలోల పచ్చి కొమ్ము నుంచి కిలో ఎండుది వస్తే, నీళ్లు పోయి, పోని మందు కిలో లెక్కన ఐదింతలు చిక్కబడొచ్చు. పచ్చిదానిలో పరిమితి లోపల ఉన్నది ఎండిన కొమ్ములో దాటిపోవచ్చు. కాబట్టి మామిడికి కొట్టిన మందే పసుపుకు కూడా కొట్టకండి, తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి.

వ్యాపారితో మాట్లాడేటప్పుడు రిపోర్టు మొదటి పేజీ ఒక్కటే కాదు, నమూనా ఎన్ని కాయలు, ఎప్పుడు తీశారు, ఏ పద్ధతిలో చూశారు అన్న పేజీ కూడా అడగండి. ఇప్పుడు చెట్టు మీద ఉన్న మిగతా దశేరి కాయ కోయడానికి ఇంకో వారం ఆగగలిగితే ఆగి, సరిగ్గా నమూనా తీసి ఇంకోసారి టెస్ట్ చేయించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొక్కల ఆరోగ్యం చూసే జాతీయ సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎంలో అవశేషాల ల్యాబ్ ఉంది, ముందు ఫోన్ చేసి ఫీజు, ఎన్ని కిలోలు తేవాలి అన్నది కనుక్కుని వెళ్లండి. ఇక జూన్‌లో పసుపు వేసేటప్పుడు బోరు దగ్గర డ్రమ్ములు కడిగే ఆ మూల, ఎప్పుడూ గడ్డి కూడా సరిగ్గా మొలవదని మీరు రాసిన చోటు, అక్కడ మాత్రం వేయకండి. అక్కడ పడింది లీటరుకు గ్రాము లెక్కన పడలేదు, అక్కడ ఈ లెక్కలేవీ పనిచేయవు. ఆ మూలలో రెండు బండ్ల పశువుల ఎరువు పోసి, జనుమో జీలుగో చల్లి, ఒక వానాకాలం అలా వదిలేయండి. డ్రమ్ము కడగడానికి బోరుకు దూరంగా వేరే చోటు చూసుకోండి.